పీఎస్4 స్లిమ్ హార్డ్‌డిస్క్ మార్చాల, సేవ్‌లు ఒక్కటి కూడా పోకూడదు

కొర్లగుంట_కంట్రోలర్:
నాది పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) స్లిమ్ మోడల్, 500 జీబీ. ఈ మధ్య గేమ్ లోడ్ అయ్యేటప్పుడు లోపల టిక్ టిక్ మంటా ఉండాది. ఆడతా ఉంటే సీఈ-34878-0 అని చూపించి బయటికి తోసేస్తాది. జాగా కూడా అయిపోవచ్చింది. 1 టీబీ డ్రైవ్ వేద్దామని ఉండా.
ఇంట్లో మూడు యూజర్లు. నాది, తమ్ముడిది పీఎస్ఎన్ (సోనీ ఆన్‌లైన్ సర్వీసు) అకౌంట్లు. చెల్లెలిది ఉత్త లోకల్ యూజర్, అకౌంట్ లేదు. పీఎస్ ప్లస్, అంటే డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్, ఎవరికీ లేదు. గేమ్‌లు పోతే పోనీ, మళ్ళా వేసుకోవచ్చు. సేవ్‌లు, అంటే గేమ్‌లో ఎంతవరకు ఆడినామో దాచిపెట్టే ఫైళ్ళు, మాత్రం పోకూడదు. డ్రైవ్ పీకి ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫైళ్ళు కాపీ చేసి కొత్తదాంట్లో పడేస్తే అయిపోతాదా?

తిలక్‌రోడ్_టెక్:
అయిపోదు. పీఎస్4 ఆ డ్రైవ్ మీద రాసేదంతా ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం వేసినట్టు మార్చే రాస్తుంది. దాని తాళంచెవి నీ కన్సోల్ బోర్డులోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి పెడితే ఫైలు పేరు కూడా కనపడదు. పైగా విండోస్ ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలా అనో, ఇనిషియలైజ్ చెయ్యాలా (మొత్తం తుడిచి కొత్తగా సిద్ధం చెయ్యాలా) అనో అడుగుతుంది. అక్కడ ఓకే నొక్కితే కన్సోల్‌కి కూడా పనికిరాకుండా పోతుంది. ఎప్పుడైనా పెట్టాల్సి వస్తే క్యాన్సిల్ ఒక్కటే నొక్కాలి.
సేవ్‌లు బయటికి తీసేది కన్సోల్ నుంచే. అది ఆన్ అవుతున్నంతవరకు నీ చేతిలో పనే. అందుకని ఇప్పుడు గేమ్‌లు ఆడడం ఆపెయ్.

రేణిగుంట_రీబూట్:
ఫ్రెండ్ పీఎస్4లో ఈ డ్రైవ్ వేసి కాపీ చేసుకోవచ్చు కదా?

తిలక్‌రోడ్_టెక్:
కుదరదు. వేరే బోర్డుకి ఆ డ్రైవ్ అర్థం కాదు, ఇనిషియలైజ్ చెయ్యమనే అంటుంది. ఏ కన్సోల్ డ్రైవ్ ఆ కన్సోల్‌కే. బోర్డు కాలిపోతే డ్రైవ్ నిక్షేపంగా ఉన్నా లోపలిది రాదు.

చిత్తూరు_చిప్:
టిక్ టిక్ డ్రైవ్‌దేనా అని ముందు తేల్చుకో తమ్ముడూ. గేమ్ డిస్క్ లోపల ఉంటే బయటికి తీసి, డౌన్‌లోడ్ గేమ్ ఒకటి పెట్టి విను. డిస్క్ లేకపోయినా శబ్దం వస్తా ఉంటే, వచ్చినప్పుడల్లా గేమ్ బిగుసుకుపోతా ఉంటే హార్డ్‌డిస్క్‌దే. సీఈ-34878-0 ఒక్కదాన్ని చూసి డ్రైవ్ పోయిందని అనుకోవద్దు. అది గేమ్ క్రాష్ అయిందని చెప్పే మామూలు కోడ్, గేమ్ ఫైలు చెడినా వస్తాది. సీఈ-34335-8 వచ్చిందంటే మాత్రం కన్సోల్‌కి డ్రైవే అందడం లేదని లెక్క.

కొర్లగుంట_కంట్రోలర్:
డిస్క్ తీసేసి చూసినా. శబ్దం వస్తానే ఉండాది, ఆ టైముకే స్క్రీన్ కూడా ఆగిపోతాది. డ్రైవ్‌దే. సేఫ్ మోడ్‌లో (రిపేర్ మెనూలో) రీబిల్డ్ డేటాబేస్ చెయ్యమని ఒక వీడియోలో చెప్పినారు, చేసేదా?

చిత్తూరు_చిప్:
ఇప్పుడు వద్దు! రీబిల్డ్ డేటాబేస్ డ్రైవ్ మొత్తం తిరగేస్తాది. బాగున్న డ్రైవ్‌కి అది మంచి మందే, మెనూలు నిదానమైతే పనికొస్తాది. టిక్ మంటా ఉండే డ్రైవ్‌తో ఆ పని చేయిస్తే నడిమధ్యలో ఆగిపోయిందంటే ఇంగ ఆన్ కూడా కాకపోవచ్చు. సేవ్‌లు బయటపడినాకే వేరే ఏదైనా.

అలిపిరి_ఆటగాడు:
ఇంత యోచన ఎందుకు? సెట్టింగ్స్, సిస్టమ్, బ్యాక్ అప్ అండ్ రిస్టోర్, అందులో బ్యాక్ అప్ పీఎస్4. ఒక ఎక్స్‌టర్నల్ పెట్టి నొక్కితే గేమ్‌లు, సేవ్‌లు, సెట్టింగ్స్, స్క్రీన్‌షాట్లు, యూజర్లు అన్నీ అందులోకి పోతాయి. కొత్త డ్రైవ్‌లో రిస్టోర్ కొడితే ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది.

తిలక్‌రోడ్_టెక్:
బాగున్న డ్రైవ్ అయితే నువ్వు చెప్పిందే దారి. ఇతని డ్రైవ్ మూలుగుతోంది. ఫుల్ బ్యాకప్ అంటే 400 జీబీ దాకా ఆపకుండా చదవాలి. సెకనుకి 40 ఎంబీ పోయినా రెండుముప్పావు గంటలు. చెడిన సెక్టార్ల (డ్రైవ్‌లో డేటా ఉండే చిన్న చిన్న ముక్కల) దగ్గర ఆగి ఆగి చదివితే రాత్రంతా పడుతుంది. మధ్యలో డ్రైవ్ పోతే ఆ బ్యాకప్ సగంలో తెగిపోతుంది, అందులోంచి ఏదీ రాదు.
సేవ్‌లు అన్నీ కలిపినా మహా అయితే కొన్ని జీబీలు, చాలామందికి ఒక జీబీ కూడా దాటదు. నిమిషాల పని. కాబట్టి మొదట సేవ్‌లు పెన్‌డ్రైవ్‌కి. తర్వాత గ్యాలరీలో దాచుకోవాలనుకున్న ఫోటోలు, క్లిప్పులు. ఫుల్ బ్యాకప్ ఆఖరున.

అలిపిరి_ఆటగాడు:
ఒప్పుకుంటున్నా, ఈ కేసులో ముందు పెన్‌డ్రైవే. కానీ ఫుల్ బ్యాకప్ మాత్రం వదలొద్దు, లోకల్ యూజర్ ఉంది కదా.

తిలక్‌రోడ్_టెక్:
అవును, అక్కడే అసలు చిక్కు. పీఎస్ఎన్ ఉన్న ఇద్దరి సేవ్‌లు వాళ్ళ అకౌంట్‌తో ముడిపడి ఉంటాయి. కొత్త డ్రైవ్‌లో అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అయి పెన్‌డ్రైవ్ నుంచి వెనక్కి కాపీ చేస్తే పనిచేస్తాయి. వేరే అకౌంట్ కింద వేస్తే పనిచెయ్యవు. లోకల్ యూజర్‌కి అలాంటి అకౌంట్ లేదు. రేపు అదే పేరుతో ఇంకో లోకల్ యూజర్‌ని సృష్టించినా కన్సోల్ దృష్టిలో అది వేరే మనిషి. ఆ అమ్మాయి యూజర్ ఉన్నదున్నట్టు రావాలంటే ఫుల్ బ్యాకప్ తీసి అదే కన్సోల్‌లో రిస్టోర్ చెయ్యాలి. పీఎస్ఎన్ లేని యూజర్ల సేవ్‌లు బ్యాకప్ నుంచి అదే పీఎస్4లోకి మాత్రమే వస్తాయని సోనీ మాన్యువల్‌లోనే ఉంది.

కొర్లగుంట_కంట్రోలర్:
400 జీబీ బ్యాకప్‌కి ఈ డ్రైవ్ తట్టుకుంటాదా అని భయంగా ఉండాది.

అలిపిరి_ఆటగాడు:
400 ఎందుకు? బ్యాకప్ మొదలుపెట్టేటప్పుడు ఏమేం పోవాలో జాబితా చూపిస్తుంది, అందులో అప్లికేషన్స్ టిక్ తీసెయ్. గేమ్‌లు బ్యాకప్‌లోకి పోవు, మిగతావన్నీ అందులోకి పోతాయి. బ్యాకప్ చాలా చిన్నదైపోతుంది. డిస్కులు చేతిలో ఉన్నాయి, డౌన్‌లోడ్‌వి లైబ్రరీలో ఉంటాయి.

చిత్తూరు_చిప్:
ఇదీ మాటంటే. నీకు ఇదే సరి.

పుత్తూరు_పెన్‌డ్రైవ్:
సేవ్‌లు కాపీ చేసేది వివరంగా, చాలామంది ఇక్కడే ఒక యూజర్‌ని మర్చిపోతారు కాబట్టి.
సెట్టింగ్స్‌లో అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్, సేవ్డ్ డేటా ఇన్ సిస్టమ్ స్టోరేజ్, కాపీ టు యూఎస్‌బీ స్టోరేజ్ డివైస్. గేమ్‌ల జాబితా వస్తుంది. కంట్రోలర్‌లో ఆప్షన్స్ బటన్ నొక్కితే ఒకేసారి చాలా గేమ్‌లు ఎంచుకోవచ్చు. ఆ మెనూలో కనిపించేది అప్పుడు లాగిన్ అయి ఉన్న యూజర్ సేవ్‌లు మాత్రమే. మూడు యూజర్లు అంటే మూడుసార్లు లాగిన్, మూడుసార్లు కాపీ. లోకల్ యూజర్‌ది కూడా చెయ్, పోయేదేముంది.
పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పీఎస్4 అసలు పట్టించుకోదు. కాపీ అయ్యాక ల్యాప్‌టాప్‌కి పెట్టి పీఎస్4 అనే ఫోల్డర్, దాని లోపల సేవ్‌డేటా అనే ఫోల్డర్ ఉన్నాయా చూడు. ఉంటే ఆ పీఎస్4 ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఇంకో కాపీ వేసుకో. ఒక్క పెన్‌డ్రైవ్‌ని నమ్ముకుని ఉండొద్దు.

రేణిగుంట_రీబూట్:
మన సంతలో దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్‌లు అస్సలు వాడొద్దు. లోపల ఉండేది 16 జీబీ, పైన రాసేది 2 టీబీ.

పుత్తూరు_పెన్‌డ్రైవ్:
నిజం. అనుమానంగా ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత టూల్ ఉంది. పెన్‌డ్రైవ్ నిండా డేటా రాసి, తిరిగి చదివి పోల్చుతుంది. నకిలీదైతే ఎంతవరకు నిజమైన జాగా ఉందో చెప్పేస్తుంది. సేవ్‌లు వేసే ముందే నడపాలి, వేశాక కాదు.

పలమనేరు_పిక్సెల్:
ట్రోఫీలు! గేమ్‌లో సాధించినదానికి వచ్చే గుర్తింపులు, వాటి గురించి ఎవురూ చెప్పలేదే. బ్యాకప్‌లోకి ట్రోఫీలు పోవు. ట్రోఫీస్ తెరిచి ఆప్షన్స్ నొక్కి పీఎస్ఎన్‌తో సింక్ చేసుకో, నువ్వూ తమ్ముడూ ఇద్దరూ విడివిడిగా. లోకల్ యూజర్ ట్రోఫీలకు సింక్ లేదు, అవి రావు.
ఇంగ డ్రైవ్ సంగతి. 1 టీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేని చిప్‌ల డ్రైవ్) వెయ్యి, మళ్ళా హార్డ్‌డిస్క్ జోలికి పోవద్దు.

మదనపల్లె_మదర్‌బోర్డ్:
పీఎస్4కి ఎస్ఎస్‌డీ దండగ అంటాను. పాత ఫ్యాట్‌లో (మొదట వచ్చిన లావు పీఎస్4లో) డ్రైవ్ కనెక్షన్ సాటా 2, సెకనుకి 300 ఎంబీ దాటదు. పీఎస్4 ప్రో మోడల్‌లో సాటా 3 ఉన్నా పెద్ద తేడా లేదు, ప్రాసెసర్ నిదానం కాబట్టి ఫైళ్ళు విప్పేదానికే సమయమంతా పోతుంది. అదే డబ్బుకి 2 టీబీ హార్డ్‌డిస్క్ వస్తుంది.

పలమనేరు_పిక్సెల్:
300 దాటదు సరే, పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇస్తే గొప్ప, అది కూడా వరసగా ఉండే ఫైలుకి. గేమ్ చదివేది ఆడొకటి ఈడొకటి ముక్కలు. హార్డ్‌డిస్క్‌లో తల అటూ ఇటూ తిరగాల, ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. ఓపెన్ వరల్డ్ గేమ్‌లో దూరాన చెట్లు, గోడలు ఆలస్యంగా తేలేది తగ్గేది అందుకే. ఫ్రేమ్‌లు పెరగవు, దానికి ఒప్పుకుంటా.
2 టీబీ గురించి కూడా చెప్తా. ఇప్పుడు దొరికే 2.5 అంగుళాల 2 టీబీ హార్డ్‌డిస్కులు దాదాపు అన్నీ ఎస్ఎంఆర్. ట్రాక్‌ల మీద ట్రాక్‌లు పెంకుల మాదిరి కప్పి రాస్తాయి. చదివేటప్పుడు బాగుంటాయి. పెద్ద గేమ్ అప్‌డేట్ వస్తే మాత్రం పాత ట్రాక్‌లు తిరగరాసుకుంటా గంటలకొద్దీ కాపీయింగ్ అని కూర్చుంటాయి.

మదనపల్లె_మదర్‌బోర్డ్:
ఎస్ఎంఆర్ పాయింట్ నిజమే. రోజూ అప్‌డేట్లు వచ్చే ఆన్‌లైన్ గేమ్‌లు ఆడేవాళ్ళకి అది నరకం. డిస్క్ గేమ్‌లు ఒకసారి వేసి ఆడుకునేవాళ్ళకి హార్డ్‌డిస్క్ చాలు, ఆ మాట మీదే ఉంటాను.

చిత్తూరు_చిప్:
కొనేటప్పుడు చూడాల్సింది: 2.5 అంగుళాలు, సాటా, మందం 9.5 మి.మీ. దాటకూడదు, కనీసం 160 జీబీ. ఎస్ఎస్‌డీలు 7 మి.మీ. ఉంటాయి, ఆ ఫ్రేమ్‌లో బాగా కూర్చుంటాయి, కింద ఏమీ సర్దబళ్ళేదు. ఎం.2 ఎస్ఎస్‌డీ తెచ్చుకోవద్దు, దీంట్లో పట్టదు.
చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి కొనేవాళ్ళు బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి. కొత్తదని వాడిన డ్రైవ్ ఇచ్చేవాళ్ళు ఏ ఊర్లో అయినా ఉంటారు. ఇంటికొచ్చినాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే పీసీ ప్రోగ్రామ్‌లో పవర్ ఆన్ అవర్స్ (ఎన్ని గంటలు నడిచిందో) చూడండి. వేలల్లో ఉంటే అది కొత్తది కాదు, తిరిగిచ్చేయండి.

కొర్లగుంట_కంట్రోలర్:
ముగ్గురి సేవ్‌లు పెన్‌డ్రైవ్‌కి పోయినాయి, ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ పెట్టినా. ట్రోఫీలు సింక్ అయినాయి. 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకుంటా. బ్యాకప్‌కి నా దగ్గర ఉండే ఎక్స్‌టర్నల్ ఇప్పటికే పీఎస్4కి ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా (గేమ్‌లు పెట్టుకునే అదనపు జాగాగా) వాడతా ఉండా. అదే చాలునా?

తిలక్‌రోడ్_టెక్:
చాలదు. ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేసిన డ్రైవ్ మీదికి బ్యాకప్ తీసుకోదు. అందులోకి పోయేవి గేమ్‌లు మాత్రమే. సేవ్‌లు ఎప్పుడూ లోపలి డ్రైవ్‌లోనే ఉంటాయి, గేమ్ బయట ఉన్నా సరే. చాలామంది గేమ్ బయటి డ్రైవ్‌లో ఉంది కాబట్టి సేవ్ కూడా అక్కడే భద్రంగా ఉందని అనుకుంటారు, ఉండదు.
నువ్వు గేమ్‌లు వదిలేస్తున్నావు కాబట్టి ఎక్స్‌ఫ్యాట్ చేసిన 64 జీబీ మంచి పెన్‌డ్రైవ్ అయినా సరిపోవచ్చు. బ్యాకప్ స్క్రీన్‌లో ఎంత జాగా కావాలో చూపిస్తుంది, దాన్ని చూసి ఎంచుకో. బ్యాకప్ అయ్యేదాకా ఎక్స్‌టెండెడ్ డ్రైవ్ తీసి పక్కన పెట్టు.
ఇంకొకటి. బ్యాకప్‌కి ముందే కన్సోల్ సాఫ్ట్‌వేర్‌ని లేటెస్ట్‌కి తెచ్చుకో. కొత్త డ్రైవ్‌లో వేసేదీ అదే వెర్షన్ అయితే, ఏదైనా తేడా వచ్చి పాత డ్రైవ్ మళ్ళీ పెట్టాల్సి వచ్చినా వెర్షన్ గొడవ ఉండదు.

రేణిగుంట_రీబూట్:
కరెంటు సంగతి చూసుకో. గాలివాన టైములో మొదలుపెట్టొద్దు. ఇన్వర్టర్ ఉంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టు. మామూలు మోడ్‌లో మారేటప్పుడు వచ్చే చిన్న గ్యాప్‌కే పీఎస్4 రీస్టార్ట్ అయిపోద్ది. మధ్యాహ్నం ఎండలో కన్నా రాత్రి మేలు, డ్రైవ్ కూడా కాస్త చల్లగా ఉంటుంది.

మదనపల్లె_మదర్‌బోర్డ్:
ఈ బ్యాకప్ తతంగం లేకుండా క్లోన్ కొట్టేయొచ్చు కదా. రెండు డ్రైవ్‌లు పట్టే డాక్ ఉంటుంది, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బటన్ నొక్కితే సెక్టార్‌కి సెక్టార్ కాపీ. ఎన్‌క్రిప్షన్ ఉన్నా పర్లేదు, ఉన్నది ఉన్నట్టే పోతుంది, అదే కన్సోల్‌లో బూట్ అవుతుంది.

చిత్తూరు_చిప్:
బూట్ అవుతాది. అయితే 500 జీబీ డ్రైవ్‌ని 1 టీబీ మీదికి క్లోన్ కొడితే కన్సోల్‌లో కనపడేది పాత సైజే. మిగతా సగం ఊరికే పడుంటాది. విండోస్‌లో మాదిరి పార్టిషన్ సాగదీసేదానికి లేదు, లోపలంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాది కదా. ఇంగోటి, డాక్ చెడిన సెక్టార్ తగిలితే ఆగిపోతాది, లేకుంటే దాటేసి చెప్పకుండా పోతాది. ఏం పోయిందో నీకు తెలీదు.
క్లోన్ నిజంగా పనికొచ్చేది డ్రైవ్ చావు బతుకుల్లో ఉండి కన్సోల్ మెనూ దాకా రాలేనప్పుడు. అప్పుడు డాక్ వద్దు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ టూల్ వాడు. మ్యాప్ ఫైలు పెట్టుకో, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్ళా మొదలవుతాది. మొదటి రౌండు హైఫన్ ఎన్ ఆప్షన్‌తో, సులువుగా వచ్చే సెక్టార్లు ముందు తెచ్చుకుంటాది. తర్వాత హైఫన్ ఆర్ 3 తో మిగిలినవి మూడుసార్లు ప్రయత్నించు. ఏది సోర్సు, ఏది టార్గెట్ అని ఎంటర్ నొక్కే ముందు డ్రైవ్ సీరియల్ నంబరు చూసి ఖాయం చేసుకో. తిరగబడితే అంతా ఖాళీ.

తిలక్‌రోడ్_టెక్:
చిప్ చెప్పినదానికి కొనసాగింపు. క్లోన్ డ్రైవ్ కన్సోల్‌లో బూట్ అయితే పని పూర్తి కాలేదు. ఆ ఆరోగ్యంగా ఉన్న క్లోన్ నుంచి సేవ్‌లు, బ్యాకప్ తీసుకోవాలి. తర్వాత అదే డ్రైవ్‌ని సేఫ్ మోడ్‌లో 7వ ఆప్షన్‌తో కొత్తగా ఇనిషియలైజ్ చేసి రిస్టోర్ కొట్టాలి. అప్పుడు పూర్తి సైజు వస్తుంది. 1 టీబీ అంటే కన్సోల్‌లో సుమారు 860 జీబీ చూపిస్తుంది. తక్కువ కనపడిందని కంగారు పడొద్దు.

మదనపల్లె_మదర్‌బోర్డ్:
సైజు పెరగదన్నది నేను లెక్కలో పెట్టుకోని విషయం. ఇతనికి క్లోన్ అవసరం లేదు, వదిలేద్దాం.

కాళాస్త్రి_కన్సోల్:
డ్రైవ్ ఆరోగ్యం పీసీలో చూడొచ్చా? ఎన్‌క్రిప్ట్ అయినా స్మార్ట్ వివరాలు (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) వస్తాయా?

చిత్తూరు_చిప్:
వస్తాయి, అవి డ్రైవ్ సొంత చిప్ చెప్పేవి. 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్స్ (చెడితే వేరే చోటికి మార్చినవి), 197వ నంబరు కరెంట్ పెండింగ్ సెక్టార్స్ (చదవలేక అనుమానంలో పెట్టినవి). ఈ రెండింటి రా వాల్యూ సున్నా ఉండాల. 197 సున్నా కాకుండా పెరుగుతా పోతే ఆ డ్రైవ్‌ని నమ్మేదానికి లేదు. 199 (కనెక్షన్‌లో వచ్చిన తప్పుల లెక్క) పెరిగితే డ్రైవ్ తప్పు కాకపోవచ్చు, కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదని చూడు. తిలక్‌రోడ్ మొదట్లో చెప్పిన క్యాన్సిల్ మాట మర్చిపోవద్దు.

కొర్లగుంట_కంట్రోలర్:
అప్లికేషన్స్ తీసేసి బ్యాకప్ పూర్తయింది. ఎస్ఎస్‌డీ వచ్చింది. ఇంగ విప్పేది ఎట్ల?

చిత్తూరు_చిప్:
రెస్ట్ మోడ్ (సగం నిద్ర) కాదు, పూర్తిగా టర్న్ ఆఫ్. లైటు ఆరినాక పవర్, హెచ్‌డీఎంఐ అన్నీ పీకెయ్. స్లిమ్‌లో వెనకవైపు మూలన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటాది, బయటికి లాగితే వచ్చేస్తాది. లోపల ఒక పెద్ద స్క్రూ, దాని తల మీద త్రిభుజం, వృత్తం, క్రాస్, చతురస్రం గుర్తులుంటాయి. అదొక్కటే విప్పాల. ఫిలిప్స్ 1 నంబరు స్క్రూడ్రైవర్, చేత్తోనే తిప్పు. గట్టిగా ఉంటే కిందికి బాగా అదిమి నిదానంగా తిప్పు, లేకుంటే తల అరిగిపోతాది. మోటార్ డ్రైవర్ వద్దే వద్దు.
ఫ్రేమ్ పట్టుకుని లాగితే డ్రైవ్‌తో సహా వస్తాది. ఫ్రేమ్‌కి నాలుగు చిన్న స్క్రూలు. పాతది తీసి కొత్తది అదే దిక్కుగా పెట్టు, కనెక్టర్ ఏ పక్క ఉందో తీసే ముందే ఒక ఫోటో కొట్టుకో. తిరిగి లోపలికి తోసేటప్పుడు చివర్లో కాస్త బిగువుగా తగిలి కూర్చుంటాది. ఆ బిగువు రాకుండానే స్క్రూ వేస్తే కన్సోల్‌కి డ్రైవ్ కనపడదు.

రేణిగుంట_రీబూట్:
మూత తీస్తే వారంటీ పోద్దా?

తిలక్‌రోడ్_టెక్:
పోదు. డ్రైవ్ మార్చుకునే విధానం సోనీ మాన్యువల్‌లోనే ఉంది. ఆ మూత కింద ఏ సీలూ చింపే పని లేదు.

కొర్లగుంట_కంట్రోలర్:
బిగించినా. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసినా. పెడితే ఎస్‌యూ-41333-4 అని వస్తా ఉండాది. ఫైలు దొరకలేదంటాది. ఫైలు అక్కడే ఉండాది!

పుత్తూరు_పెన్‌డ్రైవ్:
వరసగా చూడు. ఫోల్డర్ పేరు పీఎస్4, దాని లోపల అప్‌డేట్, రెండూ ఇంగ్లీష్ క్యాపిటల్ లెటర్స్‌లో. ఫైలు పేరు పీఎస్4అప్‌డేట్, డాట్, పప్, అది కూడా క్యాపిటల్స్, మధ్యలో ఖాళీలు లేకుండా. ఇంతకుముందు ఒకసారి డౌన్‌లోడ్ చేసి ఉంటే బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్‌లో 1 తగిలిస్తుంది, దాన్ని తీసెయ్. విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది కాబట్టి నువ్వు మళ్ళీ పప్ అని చేర్చి ఉంటే రెండుసార్లు పడి ఉంటుంది. ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ చూపించమని టిక్ పెట్టి చూడు.

తిలక్‌రోడ్_టెక్:
ఫైలు సైజు కూడా చూడు. అప్‌డేట్ ఫైలు వేరు, రీఇన్‌స్టాల్ ఫైలు వేరు. రెండింటికీ పేరు ఒకటే, అదే తికమక. ఖాళీ డ్రైవ్‌కి కావాల్సింది రీఇన్‌స్టాల్ ఫైలు, దాదాపు 1 జీబీ ఉంటుంది. నీది అందులో సగమే ఉంటే తప్పు ఫైలు తెచ్చావు. ప్లేస్టేషన్ సపోర్ట్ పేజీలో రీఇన్‌స్టాల్ అని ఉన్న భాగం నుంచి తీసుకో.

కొర్లగుంట_కంట్రోలర్:
చిన్న ఫైలే! మార్చినా, కానీ ఇప్పుడు కంట్రోలర్ పలకడం లేదు.

రేణిగుంట_రీబూట్:
వైర్ పెట్టి పీఎస్ బటన్ నొక్కాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్ అయితే పనిచెయ్యదు, డేటా వైర్ ఉండాలి.

తిలక్‌రోడ్_టెక్:
అసలు సేఫ్ మోడ్‌లో ఉన్నావా చూసుకో. ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకో. ఒక బీప్ వస్తుంది, వదలొద్దు, 7 సెకన్లకి రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదులు. మెనూలో 7వది, ఇనిషియలైజ్ పీఎస్4, బ్రాకెట్లో రీఇన్‌స్టాల్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అని ఉన్నది. 6వది కాదు, అది సాఫ్ట్‌వేర్ వెయ్యదు. బార్ నడుస్తుండగా పెన్‌డ్రైవ్ ముట్టుకోవద్దు.

కొర్లగుంట_కంట్రోలర్:
ఎక్కింది. సెటప్ స్క్రీన్ వచ్చింది. రిస్టోర్ ఇప్పుడే కొట్టేదా, ముందు నా అకౌంట్‌తో లాగిన్ కావాలా?

అలిపిరి_ఆటగాడు:
సెటప్ ముగించి, ఏ యూజర్ అయినా సరే లోపలికి పోయి, గేమ్‌లు డౌన్‌లోడ్ పెట్టకముందే రిస్టోర్ కొట్టు. రిస్టోర్ అంటే కన్సోల్‌లో ఉన్నదంతా తుడిచి బ్యాకప్‌ని పరుస్తుంది. రాత్రంతా 80 జీబీ గేమ్ డౌన్‌లోడ్ చేసి పొద్దున రిస్టోర్ కొడితే ఆ 80 జీబీ గాలికి పోయినట్టే. 50 ఎంబీపీఎస్ లైన్‌లో అది మూడున్నర గంటల పని.

తిలక్‌రోడ్_టెక్:
రిస్టోర్ అయ్యాక ముగ్గురి యూజర్లు కనపడాలి. చెల్లెలి యూజర్‌లోకి పోయి సేవ్డ్ డేటా జాబితా తెరిచి చూడు. నువ్వూ తమ్ముడూ పీఎస్ఎన్‌కి సైన్ ఇన్ అయి, గేమ్‌లు కొన్న అకౌంట్ నుంచి అకౌంట్ మేనేజ్‌మెంట్‌లో యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4 కొట్టండి. లేకుంటే ఒకరు కొన్న డిజిటల్ గేమ్‌కి మిగతావాళ్ళకి తాళం గుర్తు పడుతుంది.
డిస్క్ గేమ్‌లు డిస్క్ పెట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో. తర్వాత గేమ్ అప్‌డేట్ కూడా పూర్తయ్యాకే సేవ్ తెరువు. కొత్త వెర్షన్‌లో చేసిన సేవ్‌ని డిస్క్‌లో ఉన్న పాత వెర్షన్ చదవలేక చెడిపోయిందని చూపించొచ్చు. అది నమ్మి డిలీట్ కొట్టొద్దు.

పలమనేరు_పిక్సెల్:
ఈ చివరి మాట ఎర్ర అక్షరాల్లో పెట్టాల. బాగున్న సేవ్‌లు నిండా పోయేది ఇట్లే.

కొర్లగుంట_కంట్రోలర్:
మూడు యూజర్లూ వచ్చినారు, చెల్లెలి సేవ్‌లు కూడా ఉండాయి. అందరికీ థాంక్స్ అన్నా. పాత డ్రైవ్‌ని యూఎస్‌బీ కేస్‌లో వేసి సినిమాలకి వాడుకోవచ్చా?

చిత్తూరు_చిప్:
ఇప్పుడే ఫార్మాట్ చెయ్యొద్దు. ముగ్గురూ మీ మీ గేమ్‌లు అన్నీ తెరిచి సేవ్ లోడ్ అవుతా ఉండాదని చూసుకునే దాకా ఆ డ్రైవ్ అట్లే దాచిపెట్టు. దాని మీద కన్సోల్ పేరు రాసి అతికించు, ఎందుకంటే ఆ కన్సోల్‌కి తప్ప దేనికీ పనికిరాదు. అంతా సరే అనుకున్నాక కూడా టిక్ మనే డ్రైవ్‌లో ముఖ్యమైనది ఏదీ వెయ్యొద్దు.

కాళాస్త్రి_కన్సోల్:
మా దగ్గర ఉండేది పాత ఫ్యాట్, మూత వెనక లేదు. ఒక 4 టీబీ ఎక్స్‌టర్నల్ ఉంది, దాన్ని విప్పి లోపలి డ్రైవ్ ఇందులో వేసుకోవచ్చా?

చిత్తూరు_చిప్:
ఫ్యాట్‌లో పైనుండే సగం ముక్క, మెరిసేదో మ్యాట్‌దో, దాన్ని కాస్త అదిమి పక్కకి జరిపితే వచ్చేస్తాది. గుర్తులుండే స్క్రూ ఆడే ఉంటాది.
4 టీబీది మాత్రం పట్టదు. 2.5 అంగుళాల్లో 4 టీబీ డ్రైవ్‌లు 15 మి.మీ. మందం, ఫ్రేమ్‌లో దూరవు. ఇంగోటి, డబ్ల్యూడీ పాస్‌పోర్ట్ లాంటివాటిల్లో యూఎస్‌బీ పోర్టు డ్రైవ్ బోర్డు మీదే ఉంటాది, విప్పినా సాటా కనెక్టర్ ఉండదు. విప్పి పాడు చేసుకోవద్దు. దాన్ని అట్లే ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్‌గా వాడుకో. యూఎస్‌బీ 3.0 అయి ఉండాల, 250 జీబీ నుంచి 8 టీబీ దాకా తీసుకుంటాది. హబ్ మధ్యలో పెట్టకుండా నేరుగా కన్సోల్‌కి తగిలించు. ఫార్మాట్ చేసేటప్పుడు దాంట్లో ఉండేదంతా పోతాది, ముందే వేరే చోటికి తీసిపెట్టుకో.

కాళాస్త్రి_కన్సోల్:
అంటే మా ఇంట్లో సేవ్‌లు మాత్రం ఆ పాత 500 లోనే ఉంటాయి.

పుత్తూరు_పెన్‌డ్రైవ్:
అక్కడే ఉంటాయి. కాబట్టి నెలకోసారి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తా ఉండు, ప్రతి యూజర్‌లోకి లాగిన్ అయి. ప్లస్ తీసుకుంటే పీఎస్4 సేవ్‌లకి 100 జీబీ క్లౌడ్ వస్తుంది, ఆటో అప్‌లోడ్ పెట్టుకోవచ్చు. కన్సోల్ రెస్ట్ మోడ్‌లో ఉంటేనే అది తనంతట తాను పోతుంది, అందుకు పవర్ సేవింగ్ సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయి ఉండాలన్న ఆప్షన్ ఆన్‌లో ఉందా చూసుకో.